కట్టినోడి తల

ఓబులమ్మ మూడో కడవ కొండెక్కించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. తాపీమేస్త్రీ మౌలా సాహెబ్ ఎదురెళ్లి కడవ అందుకోబోయాడు. కంట్రాక్టరు శేషయ్య గుడారంలోంచే కేకేశాడు.

"కమానుకు గాదు! మొక్కలకు పొయ్యి!"

ఆమె కడవ దించకుండానే ఎర్రచందనం మొక్కల దిక్కు తిరిగింది. కోనలో ఊట దగ్గర్నుంచి ఇక్కడికి రెండు మైళ్ల ఎక్కుడు. రోజుకూలి పన్నెండణాలు.

ఆళ్లగడ్డకు దూరంగా, నల్లమలలో, దారీతెన్నూ లేని కొండవాలు మీద సర్కారు అటవీ సంరక్షణ కేంద్రం కడుతోంది. రాయి గాడిదల మీద రావాలి, సున్నం మనుషుల నెత్తిన రావాలి. ఎనిమిది నెలల్లో రెండు గాడిదలూ ఒక మనిషీ లోయలో పడి చచ్చారు. గాడిదల కోసం శేషయ్య వారం రోజులు ఏడ్చాడు. మనిషి కోసం ఒక పూట పని ఆపాడు, అదీ శవం తేవడానికి మనుషులు పోయారు గనక. అడవిని కాపాడే పని అంటే మాటలా మరి!

కేంద్రం వాకిట పన్నెండడుగుల కమాను లేచి తొమ్మిది రోజులైంది. మూడు వారాలు తడిపితే గానీ సున్నం బిగవదు. నాలుగు రోజులుగా దానికి చుక్క నీరు లేదు. ఇవాళ పెద్ద దొర తనిఖీకి వస్తున్నాడు, ఆయన కంటికి మొక్కలు పచ్చగా కనబడాలి.

"సాయిబూ, దన్ను కొయ్యలు తీయించు. దొర గుర్రం కింద మలుపుకాడుందంట" అన్నాడు శేషయ్య.

"ఇంకా పన్నెండు దినాలు ఉండాలప్పా. సున్నం ఎండింది గానీ బిగీల్యా."

"ఏందీ, భయమా? మీ వాడుక ప్రకారం నువ్వే కింద నిలబడు. దొర గూడా చూస్తాడు."

ఆ వాడుక మౌలా సాహెబ్ తండ్రి నాటిది. సున్నం బిగిసేదాకా కమానును మోసే దన్ను కొయ్యలు తీసేటప్పుడు, మేస్త్రీ టోపీ లేని తలతో దాని కింద నిలబడాలి. కట్టినోడి తలకాయే కమానుకు జామీను. ఇరవై ఏడేళ్లలో నంద్యాలలో, వెలుగోడులో ఎన్ని కమానుల కింద నిలబడ్డాడో ఆయనకే లెక్క లేదు. నిలబడనన్నాడంటే తన పని తానే చెడ్డదని చాటుకున్నట్టు. అలాంటివాణ్ని పశువుల కొట్టం గోడకైనా ఎవరు పిలుస్తారు?

తాపీ పిడితో రాయి మీద తట్టాడు. సందులోంచి సున్నం పిండిలా రాలింది.

అయినా టోపీ తీశాడు. చావనైనా చస్తాను గానీ మాట పడనన్న పట్టుదల ఆయనది. కమాను కిందికి అడుగు పెట్టాడు. అక్కడ అప్పటికే ఒక మనిషి ఉన్నాడు.

కూలీ దేవదానం. మొదటి కొయ్యను కొట్టి ఊడదీయడానికి సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

మౌలా సాహెబ్ కాళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ తన తల గురించే అందరూ గొప్పగా చెప్పుకున్నారు. కొయ్యలు తీసేవాడు ఎప్పుడూ ఆ కమాను కిందే ఉన్నాడు. వాడి తల ఎవరికీ కనబడలేదు. తనకూ కనబడలేదు.

"సుత్తి కింద పెట్టు దేవదానం. బయటికి రా."

"ఒరేయ్, ఐదు రూపాయలిస్తా, కొట్టు!" శేషయ్య నోటు పైకెత్తి చూపాడు.

ఐదు రూపాయలు! దేవదానం నోటు వంక చూశాడు, మేస్త్రీ వంక చూశాడు.

"ఏం గాదులే మేస్త్రీ. ఇంట్లో గింజల్లేవు. ఒక్క దెబ్బే గదా."

సుత్తి లేచింది. మౌలా సాహెబ్ వాడి మణికట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరి నెత్తి మీదా సున్నం పొడి రాలుతూనే ఉంది. అప్పుడే గుర్రం వాకిట ఆగింది.

"కొయ్యలు ఇంకా తీయలేదేం?" అన్నాడు దొర.

శేషయ్య నవ్వు పులుముకుని ముందుకు ఉరికాడు. "ఇంగ తీస్తాండారు దొరా, తమరి కోసమే ఆపినాం. మేస్త్రీ నిలబడేది తమరు చూడాలని..."

దొర మౌలా సాహెబ్ వైపు చూశాడు. కూలీలంతా చూశారు.

మౌలా సాహెబ్ దేవదానం చెయ్యి వదలకుండానే, వాణ్ని లాక్కుని కమాను బయటికి వచ్చాడు.

"నేను నిలబడను దొరా. ఈ కమాను చెడ్డది" అన్నాడు అందరికీ వినబడేలా. "కట్టినోణ్ని నేనే."