సరిగ్గా సరిపోయిన బూట్లు

బూట్ల షాపాయనకు అరవై దాటాయి. ఆ వయసులోనూ పొద్దస్తమానం పరుగెత్తే పందేలకు వెళ్తాడు. వెళ్లొచ్చాక ఆ కబుర్లతో వారం రోజులు అందరి బుర్రలూ తినేస్తాడు. ఆయన పరుగెత్తుతుంటే భార్య నీళ్ల సీసా పట్టుకుని దారి పక్కన నిలబడేది. ఉత్తినే నిలబడటమెందుకని రెండేళ్ల కిందట ఆవిడ కూడా నాలుగడుగులు వేసింది. ఆ నాలుగడుగులే ఆయన కొంప ముంచాయి.

మొదట్లో మురిసిపోయాడు, తనే నేర్పానని చెప్పుకున్నాడు. తర్వాత ఆవిడ ఆయన పక్కకు వచ్చింది. ఆ తర్వాత ముందుకు పోయింది, అదీ ఆయాసమన్నది లేకుండా, ఇంటికి ఏ కూరలు తేవాలో మాట్లాడుతూ. షాపుకు వచ్చినవాళ్లు కూడా ఆవిడ సంగతే అడగడం మొదలెట్టేసరికి ఆయనకు కడుపు మండిపోయింది. ఇన్నేళ్లు చెమటోడ్చింది నేనైతే, నిన్నగాక మొన్న బయల్దేరిన మనిషికి ఈ వైభోగమేమిటని కుళ్లుకున్నాడు. అది కుళ్లేనని ఆయనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గుతుందా?

ఈసారి ఇద్దరూ ఒకే పందేనికి పేరిచ్చారు. సరస్సు చుట్టూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరగాలి. ఎక్కువ చుట్లు తిరిగినవాళ్లదే గెలుపు. ఆవిడ కొత్త బూట్లు కావాలంది. ఆయన షాపులో కూర్చోబెట్టి పాదం కొలిచాడు. గంటల తరబడి పరుగెత్తితే పాదాలు ఉబ్బుతాయి కాబట్టి ఒక సైజు పెద్దది తీసుకోవాలని వచ్చిన ప్రతివాడికీ అడక్కుండానే చెప్పే మనిషి, పెళ్లాం దగ్గర మాత్రం నోరు విప్పలేదు. అతికినట్టు సరిపోయే జత తొడిగి, వేలి దగ్గర నొక్కి చూసి, బాగుందన్నాడు.

పందెంలో మధ్యాహ్నం దాకా ఆవిడే ముందుంది. తర్వాత ఆయన ఒక మలుపు తిరిగేసరికి, నీళ్ల బల్ల పక్కన కుర్చీలో బూట్లు విప్పుకుని కనిపించింది. కాలిగోళ్లు నల్లబడ్డాయి. ఆయన ఆగలేదు, చెయ్యి ఊపి ముందుకు పోయాడు. సిగ్గు లేకుండా, ఆ చుట్టంతా హాయిగా పరుగెత్తాడు.

మళ్లీ వచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది. బూట్లు బిగుతేమోనని నీళ్లిచ్చే ఆవిడ అంటుంటే ఈవిడ ఒప్పుకోవడం లేదు.

"బూట్లలో ఏం లేదమ్మా. మా ఆయన స్వయంగా కొలిచి ఇచ్చారు, ఆయన కొలత తప్పదు. ఈ వయసులో నాకే ఇంత ఆశ ఉండకూడదు. ఇంక మానేస్తాను."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే చాలు, ఆవిడ ఇక జన్మలో ఆయన్ని దాటదు. నిజానికి మూసుకుందామనే అనుకున్నాడు. కానీ కాళ్లు కదల్లేదు. మందుల పెట్టెలో ఉన్న కత్తెర అడిగి తీసుకుని, ఆవిడ ముందు కూలబడి, వేళ్లు బయటికి వచ్చేలా రెండు బూట్ల ముందు భాగాలూ కోసేశాడు.

"ఒక సైజు పెద్దది వేసుకోవాల్సిందా?" అంది ఆవిడ.

"ఊఁ."

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు. నువ్వు నన్ను దాటిపోతుంటే ఓర్చుకోలేకపోయాను."

ఆవిడ ఆ బూట్లు తొడుక్కుంది. ఆయన లేసు కట్టబోతే చెయ్యి తోసేసి, తనే కట్టుకుని లేచింది. కుంటుతూనే మొదలుపెట్టినా కాసేపటికే పరుగందుకుంది. ఆయన వెంటపడ్డాడు గానీ అందుకోలేకపోయాడు. ఆ సాయంత్రం ఆయన్ని దాటిన ప్రతిసారీ, ముక్కూమొహం తెలియనివాళ్లతో అన్నట్టు, "కాస్త పక్కకు జరగండి" అని ముందుకు పోయింది.