కాసులమ్మ కడిగిన ఉప్పు

నేను ఒక చిటికెన వేలంత సీసాను. ఆ ఆషాఢం ఉదయాన నూకరత్నం సిస్టరు కొండ మీది ఊరికి వెళ్ళడానికి సంచి సర్దుతోంది. సూదులు, మాత్రలు, అన్నం డబ్బా అన్నీ కుక్కి, చివరికి నన్ను పైజేబులో దోపింది. జీపు కుదుపులకు నా కడుపులో మందు చిందులు తొక్కింది. ఉండబట్టలేని సంబరం నాది!

నేను మందుల ఫ్యాక్టరీలో పుట్టాను. నా చుక్క పడితే అయోడిన్ ఉన్న ఉప్పు ఊదారంగుకు తిరుగుతుంది. లేని ఉప్పు తెల్లగా ఉండి నా పరువు తీస్తుంది. అయోడిన్ చాలకపోతే గొంతు వాస్తుంది, కడుపులో బిడ్డకే ముప్పు రావచ్చు. చిటికెడు ఉప్పు చేసే పనికి మనుషులు తాయెత్తులు కట్టుకుని తిరుగుతారు.

ఆ ఊళ్ళో ఇంటింటా గెలిచాను. ఉప్పు నేరేడుపండు రంగెక్కడం, పిల్లలు కేకలు వెయ్యడం! కాసులమ్మ ఇంట్లోనే నా ముఖం వాడిపోయింది. ఆవిడ గొంతు మీద నిమ్మకాయంత వాపు, దాన్ని కప్పుతూ పూసల దండలు. కోడలు సుమిత్రకు ఐదో నెల. తొలిచూలు బిడ్డ చనిపోయి పుట్టింది. ఈసారైనా దక్కుతుందా అని ఇంటిల్లిపాదికీ గుబులు. అలాంటి ఇంట్లో చుక్క వేస్తే, ఉప్పు తెల్లగానే ఉండిపోయింది!

"ఎక్కడ కొన్నావత్తా?" అని నూకరత్నం అడిగింది.

"అందరూ కొన్న కొట్లోనే, సిస్టరమ్మా. అయోడిన్ పేకెట్టే. నీ సీసాకే జబ్బు సేసినట్టుంది!"

నాకు ఒళ్ళు మండింది. ఇంతలో కాసులమ్మ కొత్త పేకెట్ చించి, కల్లుప్పు బుట్టలో పోసి, చెంబెడు నీళ్ళు కుమ్మరించి బియ్యంలా కడగసాగింది.

"ఓలమ్మా! ఉప్పు కడుగుతావేటి?"

"కడగకండా తింతారేటి? ఎంతమంది తొక్కీసినారో! కడుపుతో ఉన్న పిల్లకి మురికి పెడతానా?"

నూకరత్నం బుట్ట కింద గిన్నె పెట్టి నీళ్ళు పట్టింది. పేకెట్లో మిగిలిన ఉప్పు మీద నా చుక్క పడింది: ఊదా. కడిగిన ఉప్పు మీద: తెలుపు. గిన్నెలో పడింది. నీళ్ళు ఊదాగా మారాయి.

"అదిగో, బిడ్డకి అందాల్సిన అయోడినత్తా! ఇన్నాళ్ళూ వాకిట్లో రాళ్ళకి తాగించావు."

"అయితే మా రాళ్ళకి తెలివి పెరిగిపోయుంటాది!" అని కాసులమ్మ పకపకా నవ్వింది. నవ్వి, కోడలి చెయ్యి పట్టుకుని కూలబడింది. "ఆ తొలిపిల్ల కూడా దీనివల్లేనా, సిస్టరమ్మా?"

"ఎవరు సెప్పగలరత్తా? ఇంక మాత్రం కడక్కు."

సుమిత్రను రక్తపరీక్షకు, మందులకు ఆసుపత్రికి పంపే ఏర్పాటు చేసి, నూకరత్నం నన్ను కాసులమ్మ చేతిలో పెట్టింది. "పురుడొచ్చేదాకా ప్రతి పేకెట్టూ సూడు. బిడ్డనెత్తుకోడానికి నేనొస్తాను."

ఇక చూడాలి కాసులమ్మ దర్జా! నన్ను రొంటిన దోపుకుని, పొరుగువాళ్ళ వంటిళ్ళలోకి పిలవకుండానే చొరబడేది. "ఏదీ, మీ ఉప్పు తియ్యండే!" ఎవరైనా కడిగినట్టు తేలిందా, వాళ్ళ పని అయిపోయినట్టే. ఇన్నాళ్ళూ తనే కడిగిన సంగతి గుర్తున్నట్టే ఉండేది కాదు.

కార్తీకంలో సుమిత్రకు ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఊరు లేచేలా ఏడ్చింది. అప్పటికి నేను ఖాళీ. కాసులమ్మ నన్ను తనివితీరా కడిగి (ఆ సరదా ఎక్కడికి పోతుంది?) చిటికెడు చోడి గింజలు, అదే రాగులు, పోసి మూత బిగించింది. గిలక్కాయనయ్యాను. నన్ను ఆడిస్తే పిల్ల తల తిప్పి చూస్తుంది, బోసినోటితో నవ్వుతుంది.

నూకరత్నం సిస్టరు ఈ పిల్లను చూడలేదు. భాద్రపదంలోనే బదిలీ మీద దూరం వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.