డింఫ్నా ఒకటో నంబరు

అత్తగారి కాళ్ళకు మేజోళ్ళు తొడుగుతూ డింఫ్నా మళ్ళీ అదే మాట ఎత్తింది. వృద్ధులను పగటిపూట చూసుకునే కేంద్రం వాళ్ళ బస్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతోంది. ఇంటి గేటు దాకా వస్తే ఆవిడ పొద్దుటిపూట అక్కడ గడుపుతుంది, తను లైబ్రరీలో ఉద్యోగానికి వెళ్ళొచ్చు. నెలాఖరులోగా ఏ సంగతో చెప్పమన్నారు లైబ్రరీ వాళ్ళు.

"ముల్హెర్న్‌తో చెప్తాలే," అన్నాడు భర్త ఫెర్గల్ టోస్టు నములుతూ. "మా తాత నాటి నుంచీ ఆయన పార్టీయే. మనం అడిగితే కాదంటాడా?"

ఏడాదిగా ఇదే పాట. మనమట! ఆ 'మనం'లో తనెక్కడుందో డింఫ్నాకు ఎప్పుడూ కనిపించలేదు.

పార్లమెంటు సభ్యుడు ముల్హెర్న్ శనివారాలు పబ్బు వెనక గదిలో కూర్చుని జనం గోడు వింటాడు. ఈసారి డింఫ్నా తనే వెళ్ళింది. వరసలో ముందున్న నోరీన్ ప్రతి ఎన్నికకీ పార్టీ మార్చే మనిషని ఊరందరికీ తెలుసు. ఆమె వీధి దీపం సంగతి చెప్పీ చెప్పకముందే ఆయన ఫోన్ అందుకున్నాడు. డింఫ్నా వంతు రాగానే మాత్రం లేచి చేతులు పట్టుకున్నాడు.

"ఫెర్గల్ భార్యవి కదూ! మీరంతా మా మనుషులేనమ్మా. చూద్దాం, చూద్దాం."

కాగితం మీద ఒక్క అక్షరం రాయలేదు. తలుపు దాకా వెళ్ళాక ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రోజూ తను ఉడికించే బంగాళాదుంపల్లాగే ఆ ఓటూ వేళకి వచ్చేస్తుందని వీళ్ళకు ఎంత ధీమా! ఆ దేశంలో బ్యాలెట్ మీద అభ్యర్థుల పేర్ల పక్కన ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తారు. అందరి తాపత్రయమూ ఆ ఒకటి కోసమే.

ఆమె వెనక్కి తిరిగింది.

"మా ఆయన ఒకటో నంబరు మీదేనండీ. నాది ఎవరికో ఇంకా అనుకోలేదు."

ముల్హెర్న్ నెమ్మదిగా కూర్చున్నాడు. పెన్ను తీశాడు.

"కూర్చోమ్మా, కూర్చో. బస్సు ఎక్కడ ఆగుతోందన్నావ్? అన్నట్టు, నీ పేరేమిటి?"

గురువారం బస్సు గేటు ముందుకొచ్చి హారన్ కొట్టింది. అత్తగారిని ఎక్కించి వచ్చి డింఫ్నా వంటింట్లో ఒక్కతే గిరగిరా తిరిగింది, గట్టిగా నవ్వింది, లైబ్రరీకి ఫోన్ చేసి వస్తున్నానంది.

"చూశావా మన పార్టీ అంటే!" అన్నాడు ఫెర్గల్.

పబ్బులో అన్న మాట పబ్బులోనే ఆగుతుందా? ఎన్నికల వారంలో ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీసిన ఫెర్గల్ ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు.

"అవతలి పార్టీ వాళ్ళు. డింఫ్నా గారున్నారా అంటున్నారు. నన్ను పలకరించను కూడా లేదు. మన ఓటు ఎటో వాళ్ళకు తెలీదా? ఏం చెప్పమంటావ్?"

"లోపలికి రమ్మను," అంది డింఫ్నా, జుట్టు సవరించుకుంటూ. "నేనింకా ఆలోచిస్తున్నానని చెప్పు."