గుమ్మడి బరువు

ఆ పిల్లికి గుమ్మడి అని ఊరికే పేరు రాలేదు. కూర్చుంటే పొట్ట నాలుగు వైపులా పరుచుకునేది. లేవాలంటే ముందు కాళ్లు ఒప్పుకున్నా వెనక కాళ్లు ఒప్పుకునేవి కావు. పశువుల డాక్టరు దాన్ని తూచి, తొమ్మిది కిలోలుందని, ఇలాగే వదిలేస్తే ఏడాది తిరగదని మొహం మీదే చెప్పాడు. ఆరు నెలల్లో రెండు కిలోలు తగ్గాలి. అదీ పస్తు పెట్టి కాదు, ఆడించి, నెమ్మదిగా.

ఆ ఇంటామె బట్టలు కుట్టేది. ముందు గదే ఆమె కొట్టు. పిల్లిని పెంచింది వాళ్లమ్మ. ఆవిడ పోయాక తండ్రి రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అందులో మూడు పిల్లితోనే. అది కూడా పోతే ఆయన ఏమైపోతాడోనన్నది ఆమె భయం. అందుకే ఆ రెండు కిలోల మీద ప్రాణాలన్నీ పెట్టుకుంది.

కత్తిరింపుల్లో మిగిలిన ఎర్ర రిబ్బను చెక్క స్కేలుకు కట్టింది. పిల్లి తిండిగిన్నెను మేడమెట్ల మీద పైమెట్టుకు చేర్చింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు రిబ్బను లాగుతూ ఆడించడం తండ్రి పని. మొదట్లో గుమ్మడి పడుకున్న చోటి నుంచే, దండం అందుకుంటున్న మహారాజులా రిబ్బను వంక చూసేది. వారం తిరిగేసరికి పంజా విసిరింది. ఆ తర్వాత నాలుగు అడుగులు పరిగెత్తింది కూడా.

తూచడమే గండం. తూకం మిషను మీద పెడితే పిల్లి క్షణం నిలవదు. తండ్రి చంకలో అయితే కిక్కురుమనదు. ఆమెకు నడుం నొప్పి, కాబట్టి ఎత్తేదీ ఆయనే. మొదటి ఆదివారం ఆయనొక్కడూ ఎక్కితే అరవై నాలుగు, పిల్లితో కలిపి డెబ్భై మూడు. ఆ అరవై నాలుగును గోడ మీద సుద్దతో రాసింది. ఆ పక్కనే పిల్లి నడుం చుట్టుకొలత, ఇరవై రెండు అంగుళాలు. తర్వాత ప్రతి ఆదివారం ఇద్దరినీ కలిపి తూచి, ఆ మొత్తంలోంచి గోడ మీది అరవై నాలుగు తీసేసేది. కుట్టుపనివాళ్ల అలవాటది. కొలత ఒకసారి రాసుకున్నారంటే ఇక అదే వేదం.

డెబ్భై రెండున్నర. డెబ్భై రెండు. డెబ్భై ఒకటి. ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కంటికి మాత్రం పిల్లి ఎప్పటిలాగే ఉంది. బొచ్చు వల్లలే అనుకుంది.

ఐదో వారం తండ్రి తన ప్యాంటు నడుం దగ్గర బిగించమన్నాడు. పిల్లితో పాటు నువ్వూ నాజూకవుతున్నావని ఆమె ఆటపట్టించింది. ఆయన నవ్వాడు. ఇంకో రెండు వారాలకు అదే ప్యాంటు మళ్లీ కుట్టుమిషను దగ్గరికొచ్చింది. ఈసారి ఆయన నవ్వలేదు. ఆమె దారం ఎక్కించే హడావిడిలో అది చూడలేదు.

మెట్ల కింద అన్నం మెతుకులు కనిపించిన రోజు, దీనికి ఎవరు పెడుతున్నారని అడగబోయింది. మాట పూర్తికాకముందే నేనేం పెట్టలేదన్నాడు తండ్రి. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని నవ్వుకుని ఊరుకుంది. ఎలాగూ బరువు తగ్గుతోంది కదా. ఆయన ఈమధ్య ఆమె కంటే ముందే తినేసి, కంచం కడిగి బోర్లించేస్తున్నాడు. దాని గురించీ అడగలేదు.

పదో ఆదివారం మిషను అరవై తొమ్మిది చూపించింది. అంటే పిల్లి ఐదు కిలోలు. రెండు తగ్గమంటే నాలుగు తగ్గింది. గబగబా డాక్టరుకు ఫోను చేసింది. అవతల ఆయన సంతోషించలేదు.

"అంత వేగంగా కరిగిపోతోందంటే లోపల ఏదో తినేస్తున్నట్టేనమ్మా. నేను లైన్లోనే ఉంటాను, నడుం కొలత చూసి చెప్పండి."

తండ్రి ఇంకా మిషను దిగలేదు. ఆయన చేతుల్లోనే పిల్లి చుట్టూ టేపు పెట్టింది. ఇరవై రెండు అంగుళాలు. మళ్లీ చుట్టింది. ఇరవై రెండే. చంకలోంచి లాక్కుని ఎత్తితే ఆమె నడుం కలుక్కుమంది. ఇది ఐదు కిలోలు కాదు. గోడ మీద తన చేత్తో రాసిన అరవై నాలుగు వంక చూసింది. ఆ తర్వాత రెండుసార్లు తానే బిగించిన ప్యాంటు వంక చూసింది. అది మళ్లీ వదులుగానే ఉంది.

మిషను మీద ఆయనొక్కడే నిలబడి ఉన్నాడు. ఆమెకు కిందికి చూడటానికి ధైర్యం చాలలేదు.

"అరవై," అన్నాడు తండ్రి. "నాకు తెలుసమ్మా. రెండు నెలల నుంచీ ముద్ద గొంతు దిగట్లేదు. పారేయడం ఎందుకని దీనికి పెడుతున్నా."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"ఆదివారం వచ్చేసరికి నీ మొహం వెలిగిపోతుంటే ఏం చెప్పను?"

ఫోనులో డాక్టరు ఇంకా ఉన్నాడు. కొలత ఎంతుందని, ఎప్పటికి తీసుకొస్తారని అడుగుతున్నాడు.

"ఇప్పుడే తీసుకెళ్తున్నానండీ," అని ఫోను పెట్టేసి, ఆమె తండ్రి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టింది. గుమ్మడి మాత్రం అన్నం వేళయిందని వంటింట్లోకి పోయి, బోర్లించిన కంచం పక్కన కూర్చుంది.