మరల నొకమారు

హేమంతర్తువు సగము గడచియుండెను. కోతలు ముగిసిన వరిచేలమీదుగా వీచు చలిగాలి వాసిష్ఠీగోదావరీతరంగములను దాకి మరింత శీతలమై నరసాపురపు వీధులలో బ్రవేశించుచుండ అస్తాద్రిశిఖరము నాశ్రయించిన భానుబింబము నదీజలముల నొక్క గడియసేపు కుంకుమవర్ణములు గావించి క్రుంకెను. ఆ సాయంసమయమున ఏటిగట్టునందలి నాటకశాలయెదుట బండ్లు బారులు దీరియుండెను. జరీకండువాల పెద్దలును పూలచెండ్లు తురిమిన స్త్రీలును పొరుగూళ్లనుండి పడవలెక్కి వచ్చిన రైతులును ద్వారముకడ నొండొరుల ద్రోచుకొనుచు లోనికి బోవుచుండిరి.

నాడు ప్రదర్శింపబడునది విరూపాక్షయ్య రచించిన నూతన నాటకము. చిరకాలముగా రాజవేషములు ధరించుచు మేఘగంభీరకంఠమున పద్యములు పాడి సభల నుర్రూతలూగించిన నటుడాతడు. సంవత్సరము క్రిందట ఆతని యేకైకపుత్రుడు చిదంబరము విషజ్వరపీడితుడై అయిదవయేటనే మరణించెను. ఆ కడపటి సాయంకాలమున బాలుడు తల్లియగు కనకవల్లి యొడిలో బరుండి ఆమె ముఖమువంక జూచుచు, "అమ్మా, దీపం దగ్గరికి తే. నీ మొహం కనబట్టం లేదు" అనెను. దీపము వాని తలదాపుననే వెలుగుచుండెను. ఆ మాట వానితో జెప్ప నోరురాక ఆమె తెచ్చుచున్నాననెను. దీపము వచ్చునను నమ్మకముతోడనే వాడు కన్నుమూసెను.

అదిమొదలు కనకవల్లి గడపదాటి యెరుగదు. విరూపాక్షయ్య మాత్రము తన దుఃఖమును కాగితముపై బెట్టెను. మృత్యుముఖమున నున్న రాకుమారుని నోట కన్నకొడుకు మాటనే యుంచి దానినే రాణి విలాపపద్యముగా విస్తరించెను. ఆ రంగము ముగించిననాడు చాలకాలమునకు ఆతనికి గాఢనిద్ర పట్టెను. తనకు గలిగిన యుపశమనము భార్యకును గలుగునని యాతడు మనసార నమ్మెను. అందుచేత నాటకమున నేమున్నదో చెప్పక, తనకోసము ఒక్క ఆట చూడుమనియు చూచినచో గుండెబరువు కొంత దిగుననియు బ్రతిమాలెను. భర్తమాట ద్రోసివేయుట యెరుగని యా యిల్లాలు చాలదినములకు తలదువ్వుకొని వచ్చి స్త్రీలకేర్పరచిన తావున ముందువరుసలో గూర్చుండెను.

మూడవ యంకమున రాకుమారుడు రాణి యొడిలో బరుండి ఆ మాట పలికెను. కనకవల్లి యొక్కసారి ఉలికిపడెను. తన యింటిగోడ కూలి ఊరెల్ల లోనికి తొంగిచూచుచున్నట్లు ఆమెకు దోచెను. రాణి వేషధారియగు సోమలింగము కంఠమెత్తి కరుణరసప్లావితముగా పద్యము పాడెను. సభ సభయంతయు కంటనీరు బెట్టెను. ప్రక్కనున్న యొకావిడ ఆమె చేయి పట్టుకొని ఎంత బాగా వ్రాసినారో యని వెక్కివెక్కి యేడ్చెను. అంతలో వెనుకనుండి "వన్స్ మోర్" అను కేక లేచెను. ఆ కేకను వందలకొలది గొంతులందుకొనెను.

చనిపోయిన రాకుమారుడు లేచి కూర్చుండి జారిన కిరీటమును సవరించుకొని మరల రాణి యొడిలో బరుండెను. హార్మోనియము శ్రుతి నందిచ్చెను. బిడ్డ మరల దీపము నడిగెను, మరల మరణించెను. పద్యము ముగియకమునుపే చప్పట్లు మిన్నుముట్టి మరల నదే కేక వినబడెను. అప్పుడు కనకవల్లి లేచెను. భుజములనిండ కొంగు గప్పుకొని తొందరలేక తడబాటులేక మగవారి వరుసల నడిమి దారిని ద్వారముదాక నడచి చీకటిలోనికి బోయెను. మహారాజవేషమున వేదికమీద నిలుచుండిన విరూపాక్షయ్య ఆమెను జూచెను. ఆతని పాదమొకటి ముందునకు గదలెను. కాని ఆతని పద్యమునకు శ్రుతి యెత్తబడెను. వేయికన్నులు ఆతనివంక దిరిగెను. ఆతడు నిలిచి పాడెను. ఎన్నడును అంత రక్తిగా పాడియుండలేదని జనులనిరి.

ఆట ముగిసిన పిదప మెడలోని పూలదండ తీయుటయు మరచి ఆతడు ఇంటికి బరుగెత్తెను. కనకవల్లి వంటయింటి గడపపై గూర్చుండియుండెను. ఆతడామె యెదుట చతికిలబడి, "మనవాడి కోసం ఊరంతా ఏడ్చింది, కనకం" అనెను.

ఆమె స్వరము హెచ్చింపలేదు.

"మనవాడి కోసం కాదండీ. వాడెవరో వాళ్ళకి తెలీదు. ఏడుపు బాగుందని మళ్ళీ చావమన్నారు. మీరు పక్కనే నిలబడి చావనిచ్చారు."

ఆతడు మెడలోని పూలదండ తీసి నేలపై బెట్టెను. ఆమె మరల ననెను.

"ఆ మాట వాడు నన్నడిగాడు. ఊరిని అడగలేదు."

మరునాడే విరూపాక్షయ్య నాటకసమాజాధిపతియగు రంగపతిరాజు కడకేగి ఆ రంగమును దీసివేయుదునని చెప్పెను. రాజుగారు కఠినులు కారు. ఐనను జనులు వచ్చుచున్నది ఆ రంగముకొరకేయని తెలిపి పాలకొల్లు ఆట కానిచ్చి పిమ్మట చూతమనిరి. విరూపాక్షయ్య వచ్చి తోడి నటులతో నెమ్మదిగ మాటలాడెను. పాలకొల్లు పందిటిలో మూడవ యంకము వచ్చినంతనే అంతఃపురమున రాకుమారుడు మరణించెనని ఒక చారుడు వచ్చి నివేదించెను. మహారాజు తలవంచుకొనెను. అంతియే.

జనులు కొంతసేపు వేచియుండిరి. పద్యమెక్కడనని యొకడడిగెను. ఈలలు చెలరేగెను. పిదప పంచెలు దులుపుకొనుచు నొకరొకరు లేచిరి. నరసాపురమున విని మరల వినుటకై బండ్లు గట్టుకొని వచ్చినవారే ముందుగా లేచిరి. తల్లులు నిద్రించు బిడ్డలను భుజాన వేసుకొని వెడలిరి. పందిరి ఖాళీయగుచుండ విరూపాక్షయ్య ఒక్క పద్యమైన విడువక కడదాక నాటకమును నడిపెను. పోవువారి వీపులను జూచుచు బాడుట ఆతని జీవితమున నదియే ప్రథమము. అయినను నాడాతనికి సిగ్గు కలుగలేదు. ఆటయనంతరము రంగపతిరాజుగారు కండ్లనీళ్లు బెట్టుకొని ఇక మన దారులు వేరనిరి.

మరునాటి సాయంకాలమున ఆతడు ఇల్లు చేరి, "తీసేశాను కనకం. జనం లేచిపోయారు. పోనీ" అనెను.

ఆమె ఆతనికి మంచినీరిచ్చి యెదుట గూర్చుండెను. అప్పుడే వీధిలో బడినుండి వచ్చు పిల్లలు ఆ పద్యమునే సోమలింగము ఫణితిని అనుకరించుచు గొంతెత్తి పాడుకొనుచు బోవుచుండిరి. ఊరిలో ప్రతి యరుగుమీదను ఆ పద్యమే. విరూపాక్షయ్య తలుపు మూయ లేచెను. ఆమె వలదని చేయి పట్టుకొనెను.

"తలుపేస్తే ఏమవుతుందండీ. ఇదివరకు కళ్ళు మూసుకుంటే వాడి గొంతు వినిపించేది. జ్వరంలో ఆ బొంగురు గొంతు. ఇప్పుడు ఎంత వెతికినా ఆ రాగమే వినిపిస్తోంది."

ఆతడు మరల గూర్చుండెను. తన శోకమును దించుకొనుచు ఆమెకు మిగిలియున్న యొక్కదానిని తానే లోకమునకు బంచిపెట్టితినని యప్పుడాతనికి దెలిసెను.

తరువాత విరూపాక్షయ్య ఎన్నడును పాడలేదు. సాయంకాలములందు ఆ దంపతులు పెరటియరుగుపై గూర్చుండుట ఇరుగుపొరుగువారు చూచుచుండెడివారు. ఒక్కొకవేళ కనకవల్లి ఏదియో వినబడబోవుచున్నట్లు తల కొంచెము ప్రక్కకు వంచి కన్నులు మూసికొనెడిది. అట్టి తరుణమున ఆతడు తాను కదలినచో ఆ సవ్వడికి అది చెదరిపోవునేమోయని యూపిరి బిగబట్టి ఆమె ముఖమువంక జూచుచుండెడివాడు.