ఎవడి బిళ్ళలు వాడివి

పాలావిడకు టీకొట్టువాడు చెప్పాడట. వాడికి లారీ క్లీనరు చెప్పాడట. పెద్దన్న గోదాము వెనక గోడకు ఆనుకుని, రొమ్ము పట్టుకుని కూలబడ్డాడట. ఎవరో వస్తున్న అలికిడి విని, ముఖం తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి బస్తా కింద వీపు పెట్టాడట. ఇదంతా చెప్పి, "ఈ వయసులో మీ ఆయనకు డబ్బు యావ పట్టుకుందమ్మా" అని ఓ మాట కలిపి, గిన్నెలో పాలు వంచి వెళ్ళిపోయింది పాలావిడ.

వదిన పొయ్యి ముందే కూర్చుండిపోయింది. వీధి వీధంతా ఆమెను వదిన అనే పిలుస్తుంది. ఆ గోదాములోనే దబ్బనం పట్టుకుని చిరిగిన సంచులు కుడుతుంది. కట్టుకున్నవాడు కూతవేటు దూరంలో బస్తాలు మోస్తుంటే, వాడి రొమ్ము నొప్పి సంగతి పాలావిడ నోట వినాల్సి వచ్చింది.

డబ్బు యావ కాదు. ఆ మాట పాలావిడకూ తెలుసు.

ఒకప్పుడు ఆ గోదాములో హమాలీలందరిదీ ఒకే కూలి. పొద్దు వాలేవేళకు పెద్దన్న అరుగు మీద తువ్వాలు పరిచేవాడు. వచ్చిందంతా దాంట్లో పోసి, అందరి కళ్ళెదుటా కుప్పలు పెట్టేవాడు. పంచినవాడు తన కుప్ప ఆఖరున తీసుకోవాలి. అందుకే కుప్పలన్నీ సమానంగా ఉండేవి. జ్వరంతో ఇంట్లో పడుకున్నవాడికీ ఒక కుప్ప వెళ్ళేది. దాన్ని పడకవాటా అనేవారు. ఎవరికీ మేడల్లేవు, ఎవరి పొయ్యీ ఆరలేదు.

తర్వాత కొత్త కాంట్రాక్టరు వచ్చాడు. మోసిన బస్తాకో రేకుబిళ్ళ, బిళ్ళకింత కూలి అని పెట్టాడు. బలమున్నవాడు బలంలేనివాణ్ణి ఎందుకు మొయ్యాలి, ఎవడి కష్టం వాడిది అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. చేతులన్నీ లేచాయి. అప్పట్లో అందరికంటే గట్టి వీపు పెద్దన్నదే. ఆయన చెయ్యీ లేచింది.

కూలికి పోయే అన్నలారా, చదువుకునే తమ్ముళ్ళారా, ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. మనుషులు పరుగెత్తినంత మాత్రాన బస్తాలు పెరగవు. పరుగు చూసి కాంట్రాక్టరు బిళ్ళ రేటు కోశాడు. కోసిందాన్ని పూడ్చుకోవడానికి ఇంకాస్త పరుగెత్తారు. ఇంకాస్త కోశాడు. పెద్దన్న వీపు వంగేనాటికి కుర్ర హమాలీ బండోడి వీపు ఎదిగింది. బండోడు పెంకులు దింపి శ్లాబు వేశాడు, ఎదురింటివాళ్ళు గిన్నెలు తాకట్టు పెట్టారు. ఏటికేడు వీధి మొత్తానికీ వచ్చేది తరిగిపోతోంది. తరుగు ఎవరి కంటా పడలేదు. శ్లాబు ఒక్కటే అందరికీ కనబడింది. మొగుళ్ళను తిట్టే పెళ్ళాలు దాన్నే చూపించి తిట్టేవాళ్ళు.

వదిన మొగుణ్ణి ఏమీ అడగలేదు. గడప గడపకూ తిరిగి, ఆదివారం అందరూ అరుగు దగ్గర కూడాలని చెప్పింది. కూడారు. ఆమె దాపరికం లేకుండా మాట్లాడింది. మళ్ళీ తువ్వాలు పరుద్దాం అంది. ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తేవాళ్ళు రేటు అడగలేరు, కలిసి తినేవాళ్ళే కలిసి అడుగుతారు అంది. పడకవాటా ఉంటే తన మొగుడు నాలుగు రోజులు నడుం వాలుస్తాడు, లేకపోతే దక్కడు అని కూడా అంది.

అందరికంటే తక్కువ మోసే బక్కోడే ముందు అడ్డం తిరిగాడు. ఇవాళ కాకపోతే రేపు తనకూ బండోడంత వీపు రాకపోదన్నాడు. "వీపు కాదురా, గూని వస్తుంది" అని ఎవరో అంటే అంతా నవ్వారు. ఆ నవ్వులోనే బండోడు లేచాడు.

"పెద్దన్నంటే నాకు ప్రాణం వదినా. బస్తా ఎత్తడం నేర్పిందే ఆయన. కానీ నా చెమట పట్టుకెళ్ళి ఇంకోడి కంచంలో పొయ్యమంటే ఎట్లా? శ్లాబు అప్పు నువ్వు తీరుస్తావా?"

"ఆయన వీపూ ఒకప్పుడు నీ వీపేరా" అంది వదిన.

బండోడు తల దించుకున్నాడు. ఇంకో నిమిషం ఆగితే ఏమయ్యేదో. ఈలోగా పెద్దన్నే లేచి నిలబడ్డాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఊరుకోవే. నలుగుర్లో నన్ను ముష్టివాణ్ణి చెయ్యకు. నేను మొయ్యగలను."

సభ అక్కడితో సరి. ఒక్క చెయ్యీ లేవలేదు.

మర్నాడు లారీకి ఆనించిన బల్ల మీద, సగం దారిలో, పెద్దన్న మోకాళ్ళు మడతపడ్డాయి. బస్తా పగిలింది. గింజలు జలజలా ఆయన మీద పడ్డాయి. అవి ఆగేసరికే ప్రాణం లేదు. గుమాస్తా పరుగెత్తుకొచ్చి చూసి, వెనక లారీలు ఆగిపోతున్నాయి, పక్కకు లాగండి అన్నాడు.

బండోడు వీపు మీది బస్తా అక్కడికక్కడే వదిలేశాడు. వాడి వెనకవాడూ వదిలేశాడు. ఆ పైన గోదాములో ఒక్క బస్తా లేవలేదు. పెద్దన్నను మోసుకెళ్ళి గేటుకు అడ్డంగా పడుకోబెట్టారు. సంచులు కుట్టే ఆడవాళ్ళు చేతుల్లో దబ్బనాలతోనే వచ్చి చుట్టూ కూర్చున్నారు. లారీలు రోడ్డు మలుపు దాకా నిలిచిపోయాయి.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు వచ్చాడు, వెనకే పోలీసు వ్యానూ వచ్చింది. ఖర్చులు తాను పెట్టుకుంటానన్నాడు. ఇప్పుడు బస్తా ఎత్తినవాడికి రెండేసి బిళ్ళలన్నాడు. బండోడి వంకే చూస్తూ అన్నాడు. నిన్నటిదాకా ఒక్క బిళ్ళ కోసం మోచేతులతో పొడుచుకున్న మనుషులు. కదిలితే ఒట్టు. బక్కోడు జేబులోంచి తన బిళ్ళలు తీసి కాంట్రాక్టరు కాళ్ళ ముందు పారేశాడు. ఆ తర్వాత అందరివీ పడ్డాయి, రేకు మోతకు ఎస్సై ఏమంటున్నాడో వినబడలేదు.

రేటు తేలేదాకా బస్తా లేవదని బండోడు చెప్పాడు. పోలీసులు రెక్క పట్టుకుంటే విదిలించుకుని, వచ్చి వదిన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"వదినా, ఇక నాకెంత వస్తే అది అందరిదీ. పెద్దన్న మీద ఒట్టు."

జనం ఒక్క పెట్టున అరిచారు. వదిన మొగుడి జుట్టులోంచి గింజలు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నిన్న ఏమైందిరా ఈ నోరు?" అంది.

ఎవరూ గేటు ముందు నుంచి లేవలేదు.