కార్ల ఓడ మీద కూతురు, టగ్గులో తండ్రి

ఓడలన్నీ ఒకటే అనేవాళ్ళని రేవులో ఒక్క పూట నిలబెట్టాలి. ఇనుప ఖనిజం మోసే ఓడ భుక్తాయాసం వచ్చిన మనిషిలా నీళ్ళలోకి దిగిపోయి ఉంటుంది. గాలికి చలించదు, చెప్పిన మాటా ఓ పట్టాన వినదు. చమురు ఓడ దగ్గర అగ్గిపుల్ల మాట ఎత్తకూడదు. ఇక కార్లు మోసే ఓడ ఉందే, అదో మొండిఘటం. అంతస్తుల నిండా కార్లే అయినా బరువు తక్కువ, ఎత్తు మాత్రం మేడంత. గాలి కాస్త చెయ్యి వేస్తే చాలు, పక్కకి జరిగిపోతుంది.

ఆ మొండిఘటాన్నే టగ్గు పడవ నడిపే సరంగు గారమ్మాయికి అప్పగించారు. ఓడ ఎక్కి రేవులోకి దారి చూపించే పైలట్ ఆమె. ఖనిజం ఓడలు, ధాన్యం ఓడలు, కంటైనర్ల ఓడలు అన్నీ క్షేమంగా తెచ్చింది. దీన్నీ గట్టుకి చేరిస్తే ఇక ఏ ఓడకైనా ఆమే పైలట్. లేదంటే మళ్ళీ చిన్న ఓడలే గతి. పరీక్షించడానికి పెద్ద పైలట్ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది చాలదన్నట్టు, కింద ఓడ వెనక భాగానికి తాడు కట్టి లాగే టగ్గుకి సరంగు ఆమె కన్నతండ్రి. ఇంట్లో ఆయన గీసిన గీత ఎవరూ దాటరు.

సరిగ్గా గట్టున కట్టి ఉన్న ధాన్యం ఓడ పక్కగా వస్తుండగా గాలి విసురుగా కొట్టింది. కార్ల ఓడ వెనక భాగం దాని వైపు జరగసాగింది. రేడియోలో తండ్రి గొంతు వినిపించింది.

"అమ్మాయీ, నా మాట విను. ఇక వదిలెయ్. మళ్ళీ సముద్రంలోకి తిప్పెయ్."

ఆయనకేం తెలియక కాదు. కానీ కింద నుంచి ఆయనకి కనిపించేది ఓడ గోడ ఒక్కటే. ఇప్పుడు ముందు భాగం తిప్పితే వెనక భాగం నేరుగా వెళ్ళి ధాన్యం ఓడని గుద్దుతుందని పైనున్న ఆమెకి కనిపిస్తూనే ఉంది. నలుగురూ వినేలా నాన్నకి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదలు. అయినా రేడియో అందుకుంది.

"సరంగు గారూ, తిప్పడానికి చోటు లేదు. తాడు బిగించి పూర్తి బలంతో లాగండి."

ఆయన వినకపోతే అంతా అయిపోయినట్టే. అంతలో టగ్గు నుంచి పొగ గుప్పున లేచింది, తాడు బిగుసుకుంది. ఓడ వెనక భాగం ఆగింది, కాసేపు తటపటాయించింది, తర్వాత బుద్ధిగా ఇటు జరిగింది. ఆమె చుక్కాని పట్టినవాడికి ఒక్కొక్క మాటే చెబుతూ ఓడని మెల్లగా తెచ్చి గట్టుకి ఆనించింది. గట్టు మీద కూలీలు ఈలలు వేశారు. ఓడ తలుపు దించగానే మొదటి కారు హారన్ కొట్టుకుంటూ దిగింది. ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

పెద్ద పైలట్ రేడియో అందుకుని, సరంగుని ఉడికిద్దామని, ఈ అమ్మాయికి ఇకమీదట ఏ ఓడలు ఇమ్మంటావయ్యా అని అడిగాడు.

"ఏ ఓడైనా ఇవ్వండి," అన్నాడు సరంగు, రేవంతా వినేలా. "పైలట్ గారు ఎంత లాగమంటే అంత లాగుతాను."